మందుల వాడకాన్ని లెక్కపెట్టడం నేర్పాలంటే

ప్రశ్న: మాది నెల్లూరు. పెరంబూరు దగ్గర 120 పడకల ప్రైవేటు ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టుగా చేస్తున్నాను. మందుల వాడకం మీద పరిశోధన ఎలా చేయాలో డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు కలిపి 24 మందికి నేర్పమని మేనేజ్‌మెంటు నాకు అప్పగించింది. వరసగా ఐదు రోజులు ఇచ్చారు. పోయినేడాది ఇలాంటిదే ఒకటి జరిగింది. బయటి నుంచి వచ్చినవాళ్లు స్లైడ్లు చూపించారు, సర్టిఫికెట్లు పంచారు, ఆ తర్వాత ఒక్కరూ ఒక్క స్టడీ చేయలేదు. ఈసారి ఏం నేర్పాలి? ఎన్ని మందుల చీటీలు తీసుకోవాలి? స్టాటిస్టిక్స్ ఎంత చెప్పాలి? సీనియర్ డాక్టర్లేమో "మా చీటీలు తనిఖీ చేస్తారా?" అని అప్పుడే గుర్రుగా ఉన్నారు.
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: ముందుగా మేనేజ్‌మెంటుతో మాట్లాడి ఆ ఐదు రోజుల్ని విడగొట్టించండి. మొదట మూడు రోజులు, చివర రెండు రోజులు, మధ్యలో ఆరు వారాలు. ఆ ఆరు వారాల్లో ప్రతి జట్టూ తన ప్రశ్న తాను తీసుకుని నిజంగా లెక్కపెట్టి రావాలి. పోయినేడాది శిక్షణ ఎవరికీ అంటకపోవడానికి కారణం స్లైడ్లు బాగాలేకపోవడం కాదు, ఐదో రోజు సాయంత్రానికి ఎవరి చేతిలోనూ సగం చేసిన పనైనా లేకపోవడం. మందుల వాడకం పరిశోధనలో వినగానే అర్థం కానిదేమీ లేదు. చేయబోయినప్పుడే చిక్కులన్నీ బయటపడతాయి. వాటిని మీరు పక్కన ఉండగానే పడనివ్వాలి.

24 మందిని నలుగురేసి ఆరు జట్లు చేయండి. ఒక్కో జట్టులో ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు, నాలుగో మనిషి మెడికల్ రికార్డుల నుంచో బిల్లింగు నుంచో. ఈ నాలుగో మనిషిని చాలామంది మరిచిపోతారు. పాత ఫైళ్లు ఏ గదిలో ఉన్నాయో, కంప్యూటరులో నుంచి ఏ రిపోర్టు తీయొచ్చో తెలిసింది వాళ్లకే. డాక్టర్లందర్నీ ఒకే జట్టులో వేశారంటే చర్చ బ్రహ్మాండంగా సాగుతుంది, చీటీలు మాత్రం ఒక్కటీ కదలవు.

మొదటి పూట మొత్తం ప్రశ్న మీదే పెట్టండి. "యాంటీబయాటిక్‌ల దుర్వినియోగం" అన్నది ప్రశ్న కాదు, ఫిర్యాదు. "మన జనరల్ ఓపీకి పోయిన ఏడాది మూడు రోజుల లోపు జలుబు, దగ్గులతో వచ్చిన పెద్దవాళ్లలో నూటికి ఎందరికి యాంటీబయాటిక్ రాశారు?" అన్నది ప్రశ్న. ప్రతి జట్టూ తన ప్రశ్నను బోర్డు మీద భిన్నంలా రాయాలి, గీత పైన ఏముంది, గీత కింద ఏముంది అని. గీత పైది అందరూ టకటకా రాసేస్తారు. కిందిది రాయబోయేసరికి చెయ్యి ఆగుతుంది. పైన చెప్పిన ప్రశ్నలో కిందిది "జలుబు, దగ్గులతో వచ్చినవాళ్లు". మరి మీ ఓపీ చీటీ మీద జబ్బు పేరు రాస్తారా? రాయకపోతే ఆ ప్రశ్న ఆ పూటే మార్చుకోవాలి. ఆరు వారాల తర్వాత మార్చుకునే వీలుండదు.

మధ్యాహ్నం క్లాసు వద్దు. ప్రతి జట్టునూ ఒక మందు వెంట పంపండి. సెఫ్ట్రయాక్సోన్ వయల్ అనుకుందాం. స్టోరుకు ఎలా వచ్చింది, వార్డు ఇండెంటు (స్టోరుకు పంపే మందుల కోరిక కాగితం) ఎవరు రాశారు, కేస్ షీట్‌లో డాక్టరు ఏం రాశారు, డ్రగ్ చార్టులో నర్సు ఏం టిక్కు పెట్టింది, బిల్లులో ఎన్ని పడ్డాయి, ఎన్ని వెనక్కి వెళ్లాయి. ఒకే రోగి విషయంలో ఒక్కో చోట ఒక్కో అంకె కనిపించొచ్చు. కొన్నది వేరు, వార్డుకు ఇచ్చింది వేరు, రాసింది వేరు, ఒంట్లోకి ఎక్కింది వేరు. పరిశోధకుడు వీటిలో దేన్ని కొలుస్తున్నాడో ముందే చెప్పాలి. ఇది నోటితో చెబితే తల ఊపుతారు, కాళ్లతో తిరిగితే మరిచిపోరు.

ప్రైవేటు ఓపీలో ఇంకో పెద్ద చిక్కుంది. చీటీ రోగితో పాటు ఇంటికి పోతుంది. మీ దగ్గర మిగిలేది ఫార్మసీ బిల్లు. అందులో బ్రాండు పేరు, సంఖ్య, ధర ఉంటాయి, జబ్బు ఉండదు. పది రోజులకు రాస్తే అయిదు రోజులకు కొన్నవాళ్లూ, బయటి షాపులో కొన్నవాళ్లూ మొత్తానికే లెక్కలోకి రారు. కాబట్టి బిల్లుల నుంచి "డాక్టర్లు ఇలా రాస్తున్నారు" అని తేల్చడం తప్పు. ఓపీలో చీటీ కంప్యూటరు నుంచే ప్రింటు అవుతుంటే అదృష్టం. లేకపోతే కౌంటరు దగ్గర రోగిని అడిగి చీటీ ఫొటో తీసుకోవాలి, పేరు ఉన్న భాగం మూసి. షెడ్యూల్ హెచ్1 (గట్టి నిఘాతో అమ్మాల్సిన మందుల జాబితా) రిజిస్టరు కూడా పనికొస్తుంది. 2014 మార్చి 1 నుంచి ఆ జాబితాలోని మందులు అమ్మినప్పుడు రాసిన డాక్టరు, రోగి, మందు, సంఖ్య విడిగా నమోదు చేసి మూడేళ్లు దాచాలి. కాకపోతే నమ్మే ముందు ఒక వారం బిల్లులతో సరిపోల్చి చూడండి, ఎన్ని ఎగిరిపోయాయో తెలుస్తుంది.

రెండో రోజుకు సూచికలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, మందుల సరైన వాడకం కోసం పనిచేసే ఇన్‌రుడ్ అనే అంతర్జాతీయ బృందం కలిసి 1993లో ఇచ్చినవే ఇప్పటికీ మొదటి మెట్టు. చీటీలకు సంబంధించినవి ఐదు: ఒక్కో సందర్శనకు సగటున ఎన్ని మందులు, జెనరిక్ పేరుతో రాసినవి ఎంత శాతం, యాంటీబయాటిక్ ఉన్న సందర్శనలు ఎంత శాతం, సూది మందు ఉన్నవి ఎంత శాతం, అత్యావశ్యక మందుల జాబితాలోనివి ఎంత శాతం. ఈ చివరిదానికి మన దేశంలో 2022 జాతీయ జాబితా వాడుకోండి, అందులో 384 మందులున్నాయి. రెండోదానికీ అయిదోదానికీ గీత కింద మందులు వస్తాయి, మూడు, నాలుగింటికి సందర్శనలు వస్తాయి. దీన్ని తికమక పెట్టుకోని జట్టు ఉండదు. వంద చీటీల్లో 300 మందులు, 45 చీటీల్లో యాంటీబయాటిక్ ఉంటే జవాబు 45 శాతం. మొత్తం యాంటీబయాటిక్‌లు 54 కదా అని 54ను 300తో భాగించి 18 శాతం అని తెచ్చేవాళ్లు తప్పకుండా ఉంటారు. రెండూ నిజమైన లెక్కలే కానీ, రెండో అంకెను పక్క ఆసుపత్రి వేసిన మొదటి రకం అంకెతో పోలిస్తే కొంప మునుగుతుంది.

అసలు కష్టమంతా లెక్కింపు నియమాల దగ్గరే. వీటికి మొహమాటం లేకుండా మూడు గంటలు కేటాయించండి. రెండు మందులు కలిసిన ఒకే మాత్ర ఒకటా, రెండా? పై పద్ధతిలో ఒకటే. మెట్రోనిడజోల్ యాంటీబయాటిక్ అవునా, కాదా? అది విరేచనాలకు రాసినా పంటి చీముకు రాసినా ఒకే నియమమా? టీబీ మందుల్ని కలుపుతారా? కంటి చుక్కలు, పైపూత మందులు? టీకా సూది మందు కిందికి రాదు. మరి సెలైన్ సీసా? అందులో కలిపిన ఇంజెక్షన్? "అవసరమైతే వేసుకోండి" అని రాసిన పారాసిటమాల్? వీటిలో కొన్నిటికి ఒకే సరైన జవాబు లేదు. కావలసింది ముందే రాసిపెట్టిన జవాబు. ఒక్కో జట్టు రెండు పేజీల నియమాల కాగితం తయారు చేసి, తేదీ వేసి, మీకు ఇవ్వాలి. ఆ తర్వాత కొత్త సందేహం వస్తే కింద చేర్చాలే తప్ప పాతది చెరపకూడదు.

బ్రాండు పేర్ల సంగతీ ఇక్కడే. మన దేశపు చీటీల్లో ఒక్క అక్షరం తోక మారితే మందే మారిపోతుంది. సిప్లాక్స్ అంటే సిప్రోఫ్లాక్సాసిన్, సిప్లాక్స్ టీజెడ్ అంటే దానికి టినిడజోల్ తోడు. తోక చదవకుండా ఎక్కించారా, ఒక మందు గల్లంతు. ఫార్మసిస్టు చేత ముందే బ్రాండుకు ఎదురుగా అసలు మందు పేరు, బలం, రూపం, ఏటీసీ కోడు (మందు ఏ వర్గానిదో చెప్పే అంతర్జాతీయ కోడు) ఉండే పట్టిక తయారు చేయించండి. మీ ఫార్మసీ సాఫ్ట్‌వేరులోని జాబితా తీసుకుంటే సగం పని అయిపోతుంది. చదవలేని చీటీలను పారేయొద్దు. "చదవలేనిది" అని ఒక కోడు పెట్టి ఎన్ని ఉన్నాయో చెప్పాలి, అది కూడా ఒక ఫలితమే.

ఎక్సెల్‌లో ఎక్కించేటప్పుడు ఒక మందుకు ఒక వరుస. చీటీకి ఒక వరుస పెట్టి మందు1, మందు2, మందు3 అని పక్కకు గడులు పెంచుకుంటూ పోతే ఏడో మందు వచ్చిన రోజున ఫారం కూలిపోతుంది, తర్వాత లెక్కలు తీయడమూ నరకమే. చీటీ నంబరు ప్రతి వరుసలోనూ తిరిగి రాయాలి. ఖాళీ గడి అంటే "లేదు" అనా, "తెలియదు" అనా? రెండిటికీ వేర్వేరు కోడులు ఉండాలి. ఇంకొకటి, సగటుల సగటు తీయొద్దు. ఒక ఓపీలో 30 చీటీలకు సగటు 4 మందులు, ఇంకోదానిలో 70 చీటీలకు 2.5 అయితే మొత్తం సగటు 3.25 కాదు. 295 మందులు, 100 చీటీలు, 2.95.

పరిశోధన పత్రాల్లో "ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం" అని ఒక్కో సూచికకూ ఒక ఆదర్శ అంకె పక్కన పెట్టి, మా ఆసుపత్రి దానికంటే ఎక్కువ, తక్కువ అని తీర్పు చెప్పే అలవాటుంది. మీ జట్లకు ఆ అలవాటు అంటనివ్వకండి. 1993 పద్ధతి అలాంటి ఆదర్శ అంకెలు పెట్టలేదు. అది రాసింది ముఖ్యంగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల కోసం. గుండె జబ్బుల ఓపీలో చీటీకి రెండే మందులుంటే మెచ్చుకోవాలా, కంగారుపడాలా? చోటును బట్టి అదే సూచిక అర్థం మారుతుంది. తమిళనాడు ప్రభుత్వ ఆసుపత్రులకు 1994లో ఏర్పడిన మెడికల్ సర్వీసెస్ కార్పొరేషనే మందులు కొని సరఫరా చేస్తుంది. అక్కడ జెనరిక్ పేరుతో ఎంత శాతం రాశారన్నది పెద్దగా ఏమీ చెప్పదు, ముఖ్యమైన మందులు ఆ రోజు ఉన్నాయా లేవా అన్నది చెబుతుంది. మీ ప్రైవేటు ఆసుపత్రిలో దీనికి పూర్తిగా తలకిందులు.

రెండో రోజు చివర్లో ఒక పరీక్ష పెట్టండి. ఒకే 50 చీటీలను ఇద్దరు విడివిడిగా, మాట్లాడుకోకుండా ఎక్కించాలి. యాంటీబయాటిక్ ఉందా లేదా అన్నదాన్నే తీసుకుందాం. ఇద్దరూ ఉందన్నవి 20, ఇద్దరూ లేదన్నవి 22, మొదటి మనిషి మాత్రమే ఉందన్నవి 5, రెండో మనిషి మాత్రమే ఉందన్నవి 3. యాభైలో 42 కలిశాయి, అంటే 84 శాతం. వినడానికి బాగుంది. కానీ ఈ ఇద్దరూ కళ్లు మూసుకుని ఇదే నిష్పత్తిలో టిక్కులు పెట్టినా సగం కలుస్తాయి. ఆ యాదృచ్ఛికాన్ని తీసేస్తే వచ్చేది కప్పా విలువ: 0.84లోంచి 0.50 తీసేసి, మిగిలిన 0.50తో భాగిస్తే 0.68. ఫరవాలేదు కానీ, యాంటీబయాటిక్ ఉందా లేదా లాంటి తేలిక విషయంలో 0.8 దాటాలి. ఆ ఎనిమిది చీటీలూ బల్ల మీద పరిచి చూస్తే దాదాపు ఎప్పుడూ నియమాల కాగితంలోని ఒకటి రెండు రంధ్రాలే కనిపిస్తాయి. అవి పూడ్చి, వేరే 50 చీటీలతో మళ్లీ చేయించండి. మొత్తం శిక్షణలో ఒక్క అభ్యాసానికే సమయం ఉందంటే మేమైతే ఇదే ఉంచుతాం.

ఎన్ని చీటీలు అన్న మీ ప్రశ్నకు జవాబు మూడో రోజు ఉదయం. పైన చెప్పిన 1993 పద్ధతి ఒక ప్రాంతం మొత్తాన్ని కొలవాలంటే కనీసం 20 కేంద్రాలు, ఒక్కో చోట 30 సందర్శనలు, మొత్తం 600 అంటుంది. ఒకే ఆసుపత్రి గురించో ఒకే డాక్టరు గురించో చెప్పాలంటే కనీసం 100. ఈ అంకెలు గాల్లోంచి రాలేదని చూపించండి. నిజం 50 శాతం దగ్గర ఉందనుకుంటే, పద్ధతిగా తీసిన 100 చీటీలు అటూ ఇటూ 10 శాతం తేడాతో చెబుతాయి. అంటే 45 శాతం అని వస్తే అసలు సంగతి 35 నుంచి 55 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 5 శాతం తేడాతో కావాలంటే 384 కావాలి. మరి 600 తీస్తే 4 శాతం రావాలి కదా అంటారు. రాదు. ఒకే కేంద్రంలోని 30 చీటీలు ఒకే ఒకరిద్దరి చేతిరాతలు, ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. సున్నా నుంచి ఒకటి దాకా కొలిచే ఆ పోలిక 0.1 ఉన్నా 600 చీటీలు సుమారు 154 విడి చీటీలంత బలమే ఇస్తాయి, తేడా 8 శాతం దాకా పోతుంది. అందుకే ఉన్న కేంద్రాల్లో ఎక్కువ చీటీలు తీయడం కంటే ఎక్కువ కేంద్రాలకు వెళ్లడం మేలు. మీ ఆసుపత్రిలో దీని అర్థం ఏమిటంటే, ఒకే డాక్టరు దగ్గర వంద తీయడం కన్నా పది మంది దగ్గర పదేసి తీయడం ఆసుపత్రి గురించి ఎక్కువ చెబుతుంది.

ఏ వంద అన్నది ఎన్ని వందలు అన్నదాని కంటే ముఖ్యం. సోమవారం పైన దొరికిన కట్ట విప్పి వంద తీయడం నమూనా కాదు. ఏడాదికి 18,000 సందర్శనలు ఉంటే 18,000ను 100తో భాగించండి, 180. ఒకటి నుంచి 180 లోపు ఒక అంకెను లాటరీలా తీసి, అక్కడి నుంచి ప్రతి 180వది తీసుకోండి. పన్నెండు నెలలూ కవరవ్వాలి. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, జ్వరాలు. ఆ మూడు నెలల చీటీలతో ఏడాది మొత్తాన్ని అంచనా వేస్తే సెలైన్లు, యాంటీబయాటిక్‌లు ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తాయి.

మూడో రోజు మధ్యాహ్నం డీడీడీ (డిఫైన్డ్ డైలీ డోస్). పెద్దవాళ్లలో ఒక మందును దాని ప్రధాన జబ్బుకు వాడితే రోజుకు సగటున ఎంత మోతాదు కొనసాగిస్తారు అని అనుకుని పెట్టిన కొలమానం ఇది, ఓస్లోలోని ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రం నిర్ణయిస్తుంది. ఇది ఎవరికైనా రాయాల్సిన మోతాదు కాదు, కొలబద్ద మాత్రమే. మీ ఆసుపత్రి అంకెలతోనే చేయించండి. ఒక నెలలో పెద్దల వార్డుల్లో సెఫ్ట్రయాక్సోన్ 1 గ్రాము వయల్స్ 600, అర గ్రామువి 80 వాడారనుకుందాం. మొత్తం 640 గ్రాములు. దీని డీడీడీ 2 గ్రాములు, కాబట్టి 320. నెలలో సగటున 80 పడకలు నిండి ఉంటే 30 రోజులకు 2,400 పడక రోజులు. వంద పడక రోజులకు 13.3 డీడీడీలు. ఇక్కడ కనీసం రెండు జట్లయినా నిండిన పడకలకు బదులు ఉన్న పడకలు 120 తీసుకుని 8.9 అని తెస్తాయి. మూడింట ఒక వంతు వాడకం మాయమైపోతుంది! డయాలిసిస్ లాంటి పగటి పూట అడ్మిషన్లు పడక రోజుల్లో కలిసినా ఇదే గతి. ఇండెంటులోంచి వెనక్కి వచ్చినవి తీసేయడం మరిచిపోతే తప్పు రెండోవైపు పోతుంది, వాడకం ఎక్కువగా కనిపిస్తుంది.

పిల్లల వార్డుకు డీడీడీ పనికిరాదు, మోతాదు బరువును బట్టి మారుతుంది కనుక. మూత్రపిండాలు దెబ్బతిన్న రోగులు ఎక్కువున్న చోట కూడా వాడకం తక్కువగా కనబడుతుంది. అలాంటి చోట్ల ఎన్ని రోజులు మందు ఇచ్చారన్న లెక్క, వెయ్యి రోగి రోజులకు, మెరుగు. కొలబద్దే మారిన సందర్భాలూ ఉన్నాయి. 2019లో నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిల్లిన్ డీడీడీ 1 గ్రాము నుంచి 1.5 గ్రాములైంది, మెరోపెనెమ్ 2 నుంచి 3 అయింది. అరగ్రాము క్యాప్సూళ్లు 3,000 వాడితే పాత లెక్కలో 1,500, కొత్తదానిలో 1,000. పాత రిపోర్టును అలాగే ఉంచి కొత్తదాని పక్కన పెడితే ఎవరూ ఏమీ తగ్గించకుండానే తగ్గినట్టు కనిపిస్తుంది. ఏ సంవత్సరం డీడీడీ వాడారో పట్టిక కిందే రాయించండి, పాత అంకెల్ని కొత్తదానితో తిరిగి లెక్కించమనండి. యాంటీబయాటిక్‌లను యాక్సెస్ (ముందుగా వాడదగ్గవి), వాచ్ (ఆచితూచి వాడాల్సినవి), రిజర్వ్ (చివరి అస్త్రంగా దాచుకోవాల్సినవి) అని విడగొట్టే పద్ధతి కూడా ఇదే పూట చెప్పేయొచ్చు, అరగంట చాలు. అమాక్సిసిల్లిన్, డాక్సీసైక్లిన్ యాక్సెస్‌లో, అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ వాచ్‌లో ఉన్నాయని చూడగానే ఓపీ చీటీల గురించి వాళ్లే మాట్లాడటం మొదలుపెడతారు.

అంకెలు ఎంత అని చెబుతాయి, ఎందుకని చెప్పవు. సగం శిక్షణలు ఇక్కడ ఆగిపోతాయి. 60 శాతం జలుబులకు యాంటీబయాటిక్ అని తేలితే వెంటనే "అవగాహన లేదు, సెమినారు పెట్టాలి" అనేస్తారు. డాక్టరుకు ఆ సంగతి తెలిసే రాస్తుండొచ్చు. మూడు రోజుల తర్వాత రోగి మళ్లీ రాలేడని, పక్క క్లినిక్‌కు పోతాడని, రక్త పరీక్ష ఫలితం సాయంత్రం దాకా రాదని. వీటిలో దేనికీ సెమినారు మందు కాదు. కాబట్టి ప్రతి జట్టూ తన వంద చీటీలతో పాటు కనీసం ఆరుగురితో విడిగా మాట్లాడాలి, లేదా ఆరు నుంచి ఎనిమిది మందితో ఒక బృంద చర్చ నడపాలి. జూనియర్లను హెచ్‌వోడీ (విభాగాధిపతి) ఎదుట కూర్చోబెట్టొద్దు. డాక్టర్లను, నర్సులను కలపొద్దు. నడిపేవాళ్లు ఒకరు, రాసుకునేవాళ్లు ఒకరు, గంట నుంచి గంటన్నర. "మీరు యాంటీబయాటిక్ ఎందుకు రాస్తారు?" అని మొదలుపెడితే పాఠ్యపుస్తకం జవాబు వస్తుంది. పేర్లు తీసేసిన ఒక చీటీ బల్ల మీద పెట్టి "ఇది రాసినవాళ్ల మనసులో ఏముండి ఉంటుంది?" అనండి. ఎవరి మీదా పడదు కాబట్టి నిజం వస్తుంది. సూది విషయంలో రోగులే అడుగుతారని డాక్టర్లు, డాక్టరే వేశాడని రోగులు అనడం మామూలు. 1990లలో ఇండోనేషియాలో ఈ ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి మాట్లాడించాక సూది మందుల వాడకం చెప్పుకోదగ్గంత తగ్గింది.

రోగుల్ని అడిగేటప్పుడు భాష చూసుకోండి. మీ దగ్గరికి నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లు కూడా ఉంటారు కదా, తమిళంలో అడిగితే వాళ్లు అన్నిటికీ తల ఊపేస్తారు. ప్రశ్నల కాగితం తమిళంలోనూ తెలుగులోనూ ఉండాలి, ఒకరు మార్చినదాన్ని వేరొకరు వెనక్కి మార్చి చూడాలి. "మందు ఎలా వాడాలో చెప్పారా?" అని అడిగితే "ఆఁ, చెప్పారండీ" అనే అంటారు. మాత్రల కవరు చేతికిచ్చి "ఇది ఎప్పుడు, ఎన్ని వేసుకుంటారు?" అనండి. అడిగే మనిషి మందులిచ్చిన మనిషి కాకూడదు, యూనిఫాంలో ఉండకూడదు. మందులిచ్చే సమయం కొలిచే జట్టుకైతే, మొదటి గంట కొలతలు పారేయమని చెప్పండి. స్టాప్‌వాచ్ చూసిన కౌంటరు మనిషి ఆ గంటంతా నిదానంగా, మర్యాదగా ఉంటాడు. సగటుకు బదులు మధ్యగతం (వరసలో పేరిస్తే నడిమికి వచ్చే విలువ) తీసుకోవాలి, ఎవరో ఒకరు పది నిమిషాలు ఇన్సులిన్ గురించి అడుగుతారు.

మందులు సరిగా వేసుకుంటున్నారా లేదా అన్న ప్రశ్న ఏదో ఒక జట్టు తప్పకుండా ఎంచుకుంటుంది. చాలామంది చూపు, మందులు వేసుకునే తీరును రోగినే అడిగే మోరిస్కీ ప్రశ్నావళి మీద పడుతుంది. ఎనిమిది ప్రశ్నల రూపానికి లైసెన్సు కావాలి, అది లేకుండా ప్రచురిస్తే చిక్కు. మందు కొన్న రికార్డులుంటే 90 రోజుల్లో ఎన్ని రోజులకు సరిపడా కొన్నారో చూడొచ్చు. 66 రోజులకైతే 73 శాతం, మామూలుగా గీసే 80 శాతం గీతకు దిగువన. మాత్రలు లెక్కపెట్టడం కూడా పద్ధతే, కానీ లెక్కిస్తారని తెలిస్తే పారేసేవాళ్లుంటారు. ఈ చిక్కును మీ ఊళ్లోనే చాలా ముందు ఎదుర్కొన్నారు. 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్స పరిశోధన కేంద్రం, ఇప్పుడు చెట్‌పట్‌లో ఉన్న ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సంస్థ, ఇంటి దగ్గరే చికిత్స పొందే రోగుల దగ్గరికి చెప్పకుండా వెళ్లి మందులు లెక్కపెట్టి, మూత్ర పరీక్ష కూడా చేసేది.

స్టాటిస్టిక్స్‌కు రెండు గంటలు చాలు. శాతం, మధ్యగతం, 95 శాతం విశ్వాస అవధి (పైన చూసిన 35 నుంచి 55 లాంటి హద్దులు), అంతే. మీ పీజీ డాక్టర్లు చాలావరకు చెన్నైలోనే ఉన్న ఐసీఎంఆర్ ఎపిడెమియాలజీ సంస్థ ఆన్‌లైన్ కోర్సు చేసే ఉంటారు, స్టడీ డిజైన్లు మళ్లీ మొదటి నుంచి చెప్పనక్కర్లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి: "ముందు, తర్వాత" చూసి సంబరపడొద్దు. వాడకం బాగా పెరిగిన నెల చూసి కంగారుపడి మీటింగు పెడతారు, మరుసటి నెల తగ్గుతుంది. మీటింగు లేకపోయినా తగ్గేది. వీలుంటే మీటింగు జరగని వార్డును పక్కన పెట్టి పోల్చాలి, లేదా ముందు పన్నెండు నెలలు, తర్వాత పన్నెండు నెలల నెలవారీ అంకెలు గ్రాఫులో చూడాలి.

సీనియర్ డాక్టర్ల సంగతి. వాళ్ల అనుమానం అర్థం లేనిది కాదు, చీటీల లెక్క చాలా చోట్ల వేలెత్తి చూపించడానికే వాడారు. అందుకని చీటీ మీద డాక్టరు పేరు బదులు కోడు వేయండి. కోడుల జాబితా మీ దగ్గర కూడా ఉండకూడదు, ఎథిక్స్ కమిటీ (పరిశోధనలకు అనుమతిచ్చే కమిటీ) కార్యదర్శి దగ్గర సీలు వేసి పెట్టించండి. పదికంటే తక్కువ చీటీలున్న విభాగాన్ని విడిగా చూపించొద్దు, పేరు లేకపోయినా ఎవరో తెలిసిపోతుంది. నియమాల కాగితం తయారయ్యేటప్పుడు ఆ సీనియర్లనే పిలిచి "మెట్రోనిడజోల్‌ను ఎలా లెక్కిద్దాం?" అని అడగండి. నియమం తామే పెట్టాక ఫలితాన్ని తోసిపుచ్చడం కష్టం.

పాత రికార్డులే కదా, అనుమతెందుకు అనొద్దు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం పేర్లు లేని పాత రికార్డుల పనికి మినహాయింపో, త్వరిత పరిశీలనో, సమ్మతి పత్రం రద్దో దొరకొచ్చు. కానీ ఆ మాట అనాల్సింది కమిటీయే, పరిశోధకుడు కాదు. ఆ కమిటీ 2019 నిబంధనల కింద ఆరోగ్య పరిశోధన శాఖ దగ్గర నమోదై ఉండాలి. రోగిలా నటించి మందుల షాపుకు వెళ్లే పద్ధతి ఏ జట్టైనా అడిగితే ఈసారికి వద్దనండి. అందులో మోసం ఉంది, పూర్తి పరిశీలన కావాలి, ఆరు వారాల్లో తేలదు.

చివరి రెండు రోజుల్లో మొదటి రోజు జట్లు తమ అంకెలు చూపించాలి, పక్క జట్టు ఆ చీటీల్లోంచి పది తీసి తిరిగి లెక్కపెట్టాలి. రెండో రోజు నాలుగు పేజీల రిపోర్టు రాయాలి, పద్ధతుల భాగం మొదట. సర్టిఫికెట్టు ఆ రోజు ఇవ్వొద్దు, రిపోర్టు సంబంధిత విభాగం ముందు చదివాక ఇవ్వండి. శిక్షణ బాగుందా అన్న ఫీడ్‌బ్యాక్ ఫారం కంటే, మొదటి రోజూ చివరి రోజూ ఒకే పది చీటీలు ఇచ్చి ఎక్కించమంటే ఎంత నేర్చుకున్నారో నేరుగా తెలుస్తుంది. ఒక్కో చీటీకి మొదట్లో సుమారు ఆరు నిమిషాలు పడుతుంది, వందకు పది గంటలు. ఇద్దరు పంచుకుంటే తలా ఐదు గంటలు. ఈ గంటలు డ్యూటీ రోస్టరులో పడాలని మేనేజ్‌మెంటు దగ్గర ఇప్పుడే రాయించుకోండి.

తేదీలు ఖరారు చేసే ముందు ఎథిక్స్ కమిటీ తర్వాతి మీటింగు ఎప్పుడో కనుక్కోండి. ఆరు జట్లకూ కలిపి ఒకే ఉమ్మడి ప్రోటోకాల్, ఒకే డేటా ఫారంతో ముందే ఇచ్చేయండి. కమిటీ ఉత్తరం చేతికి వచ్చాకే మొదటి మూడు రోజులు పెట్టుకోండి. లేకపోతే మధ్యలోని ఆరు వారాలు ఆ ఉత్తరం కోసం ఎదురుచూడటంతోనే గడిచిపోతాయి.